ఇరవై నాలుగు డబ్బాల బూడిద

నూట డెబ్బై నాలుగు. ఇందాక చూసినప్పుడు నూట డెబ్బై ఆరు, అంటే గిన్నెలు కాల్చే ఈ ఆవం నాతో పంతం పట్టిందన్నమాట, నేను కళ్ళప్పగించి చూస్తున్నంతసేపూ మీటరు మీద అంకె కదలదు, అటు తిరిగి బకెట్లో చేతులు కడుక్కుని వచ్చేసరికి గుట్టుచప్పుడు కాకుండా రెండు డిగ్రీలు దిగిపోయి ఏమీ ఎరగనట్టు మొహం పెడుతుంది. ఇప్పటికి నాలుగుసార్లు కడిగాను చేతులు, వాటికి మట్టి అంటిందీ లేదు, మసి అంటిందీ లేదు. వంద లోపుకి రావాలి. వచ్చేదాకా తలుపు ముట్టుకోకూడదని ఆ ఇనప తలుపు మీదే సుద్దముక్కతో పెద్దక్షరాల్లో "వంద" అని రాసుకున్నాను, నా మీద నాకు నమ్మకం చాలక దాని కింద "చెయ్యి తియ్" అని కూడా రాసుకున్నాను. నలభై ఆరేళ్ళదాన్ని, ఇరవై ఏళ్ళుగా మట్టి పిసికి బతుకుతున్నదాన్ని, నాకు నేనే ఇలా చీటీలు రాసుకోవలసిన గతి పట్టింది. నిదానమే ప్రధానం అన్న నోటితోనే ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు పెద్దలు, ఏ పూట ఏది పనికొస్తుందో మాత్రం చెప్పకుండా జారుకున్నారు. గోడ గడియారంలో మూడు దాటి అయిదు నిమిషాలు. నాలుగింటికి బాబాయీ పిన్నీ వస్తారు, వాళ్ళొచ్చాకే తెరవాలని మాట.

గ్యాసుతో మండే ఈ ఆవం మనిషెత్తు ఉంటుంది, బీరువాకి ఉన్నట్టు ఒంటి తలుపు, లోపల మూడు అరలు, అరకు ఎనిమిది చొప్పున ఇరవై నాలుగు గిన్నెలు. దోసెడు నీళ్ళు పట్టేంత గిన్నెలు, అంతకంటే పెద్దవి కావు. ఒక్కో గిన్నె అడుగున కొండ మీద కాలిపోయిన ఒక్కో చెట్టు పేరు మేకు మొనతో గీశాను, ఆ చెట్టు బూడిదే ఆ గిన్నెకు పూత. మంత్రమేమీ లేదు ఇందులో, బూడిదను జల్లించి, కడిగి, కాస్త తెల్లమట్టీ కాస్త రాతిపొడీ కలిపి చిక్కటి సున్నంలా చేసి గిన్నెను ముంచి తీస్తే, పన్నెండు వందల డిగ్రీల పైన అది కరిగి గాజై గిన్నెను పట్టుకుంటుంది. అయితే అన్ని బూడిదలూ ఒకటి కావు. చెట్టు ఏ మట్టిలో నిలబడిందో, ఏ రాతి పక్కన నీళ్ళు తాగిందో అదంతా బూడిదలో మిగిలి మంటలో రంగై తేలుతుంది, ఒకటి తేనెరంగు, ఒకటి పొగమంచు నీలం, ఒకటి మరకలు మరకలుగా మొండి గోధుమరంగు. కార్చిచ్చు ఆరిన వారానికి నేను ఈ మాట చెప్పి, డబ్బాలు కావాలి, కొండెక్కి బూడిద తెస్తాను అంటే పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు, అలా ఉందే నీ వరస," అంది. అందే గానీ డబ్బాలు కడిగి పెట్టింది తనే. గట్టి మూతలున్న బిస్కెట్ల డబ్బాలు, ఎన్ని ఇళ్ళల్లో అడిగి తెచ్చిందో ఏమో, రెండు మూడింటి మీద బొమ్మ పిల్లి ఇంకా నవ్వుతూనే ఉంది. మూత మీద కాగితం అంటించి చెట్టు పేరు రాయడం నా వంతు.

నూట అరవై తొమ్మిది. మంచిది, మాటల్లో పడితే దిగుతోంది. నాన్న నా ఆరో ఏట పోతే నన్ను పెంచింది నాన్న తమ్ముడే, ఈ బాబాయే. ముప్పై రెండేళ్ళు కొండ మీది మంచెలో కూర్చుని చుట్టూ పొగ కోసం చూడటం ఆయన ఉద్యోగం. నాలుగు వైపులా అద్దాలు, మధ్యలో ఒక ఎత్తు బల్ల, మెడకు దుర్భిణి, చేతికందేలా ఫోను. అంత దూరాన ఆకు మీద లేచే ఆవిరినీ పొగనూ విడదీసి చెప్పగల మనిషికి ఇంట్లో పాలు పొంగి స్టవ్వంతా పొగలు కమ్మినా కనబడదని పిన్ని ఎగతాళి చేసేది, "ఫోను చేసి చెప్పాలా, అప్పుడు చూస్తారా," అనేది, ఆయన పేపరు కిందికి దించి "ఏ దిక్కున?" అనేవాడు. అలాంటి మనిషి ముప్పై రెండేళ్ళలో సెలవు పెట్టిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, ఆ రోజుల్లో ఒకటి పోయిన ఎండాకాలం కళ్ళజోడు కోసం టౌనుకి వెళ్ళిన రోజు. చినుకు లేని పిడుగు కొండ వెనక పడింది. మంచెలో ఇంకో మనిషి ఉన్నాడు, ఆయనా చూశాడు, ఆయనా ఫోను చేశాడు, గాలి మాత్రం ఎవరి మాటా వినలేదు. కొండకి అటు నిప్పంటుకున్నప్పుడు బాబాయి కళ్ళ డాక్టరు దగ్గర యంత్రం మీద గడ్డం ఆనించుకుని పై వరస అక్షరాలు చదువుతున్నాడు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, ఆయనే టైముతో సహా చెబుతాడు, ఆ ఒక్క సంగతి మాత్రం ఎవరడిగినా చెబుతాడు. మూడు రోజులు కాలింది.

తర్వాత విచారణకు వచ్చిన ఆఫీసరు మీ తప్పేం లేదన్నాడు. కళ్ళ డాక్టరు కబురు పెట్టి మరీ మీ తప్పేం లేదన్నాడు. పక్కింటివాళ్ళు అన్నారు, పాలు పోసేవాడు అన్నాడు, పిన్ని అంది, నేనన్నాను. ఆయన అందరికీ తల ఊపాడు, నెల తిరక్కుండా రిటైరయ్యాడు, వరండాలో కుర్చీని కొండకు వీపు పెట్టి గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఇల్లు ఊడ్చినప్పుడల్లా పిన్ని ఆ కుర్చీని కొండవైపు తిప్పిపెడుతుంది, ఆయన కిక్కురుమనకుండా మళ్ళీ గోడవైపు తిప్పుకుంటాడు, పది నెలలుగా రోజుకు రెండు దఫాలు సాగుతోంది ఈ కుర్చీ యుద్ధం, ఒక్క మాట లేకుండా. అదే నాకు గుండెలో గుచ్చుకునేది. మాట లేకపోవడం. పాలు పొంగినా పిన్ని ఇప్పుడు ఏమీ అనదు, తుడిచేసుకుంటుంది. టీలో చక్కెర బదులు ఉప్పేసి కలిపి ఆయన నాకు తెచ్చిస్తే నేను ఆఖరి గుక్క దాకా తాగి బావుంది బాబాయ్ అన్నాను. అందరం ఆయన చుట్టూ మునివేళ్ళ మీద నడుస్తున్నాం, గాజు మనిషి అయినట్టు. ఈ గిన్నెలు చూసి ఒక్కసారి ఆయన కొండవైపు తల తిప్పితే నాకింకేమీ అక్కర్లేదు. వీటితో పెడతామన్న ప్రదర్శనా వద్దు, పేపర్లో ఫోటో కూడా వద్దు. సరే, ఫోటో వద్దన్నది పూర్తిగా నిజం కాదు.

నూట యాభై ఎనిమిది. అసలు చెట్ల పేర్లు రాబట్టడానికే ఎంత నాటకం ఆడానని, క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి పెన్సిలు చేతిలో పెట్టి, నాకు కొండ మీద దారి తెలీదు, ఏది ఎక్కడ ఉండేదో గీసిస్తే గానీ తప్పిపోతాను అన్నాను. నేను ఆ కొండ మీద పెరిగినదాన్ని. ఆయనకీ తెలుసు. అయినా గీశాడు, మొదట ఆగి ఆగి, తర్వాత గబగబా, నాలుగు నెలల క్యాలెండరు అయిపోయింది. ఆయనకు చెట్లంటే మనుషులే, అసలు పేర్లు ఎప్పుడూ పలకలేదు, అన్నీ తను పెట్టిన పేర్లే. నడుం వంగినవాడు గూనోడు. కింద కూర్చున్నవాళ్ళ నెత్తిన ఏదో ఒకటి రాల్చకుండా వదలనిది అత్తగారు. మొదట్లో కలిసి పుట్టి పైన విడిపోయిన ఇద్దరు కవలలు. నిటారుగా నిలబడి ఎండాకాలం కూడా ఆకు కదపనివాడు హెడ్మాస్టారు. అందరికంటే ఆఖర్న చిగురేసేది ఆలస్యరాణి. తొర్రలో తేనెపట్టు దాచుకుని ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పనివాడు దొంగ. ఆ ఒక్క మధ్యాహ్నం ఆయన గొంతు పాత గొంతు, గీతలు గీస్తూ నవ్వాడు కూడా, "దొంగ పక్కనే హెడ్మాస్టారు, చూశావా, ముప్పై రెండేళ్ళూ పట్టుకోలేకపోయాడు," అన్నాడు. ఆఖరి చెట్టు గీసి పెన్సిలు కింద పెట్టాడు, కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ కాగితాలు పట్టుకుని ఎక్కాను. అడుగేస్తే బూడిద మోకాలి దాకా లేచేది, మడమల కింద వేడి తెలిసేది, నలుపు, ఎటు చూసినా నలుపే, కళ్ళు ఆకుపచ్చ కోసం వెతుక్కుని వెతుక్కుని చివరికి నా నీళ్ళ సీసా మూత మీద వాలేవి. అంతకంటే భయం వేసింది చప్పుడు లేకపోవడం. ఉడుత లేదు, పిట్ట లేదు, ఆకు మీద ఆకు రాసుకునే చప్పుడు లేదు, నా ఊపిరే నాకు పెద్దగా వినిపించింది. గూనోడు ఉన్నచోట నేల మీద తెల్లటి బూడిద వంగి పడుకున్న ఆకారంలో ఉంది, నడుం దగ్గర ఆ వంపు కూడా అలాగే. అక్కడ కూర్చుని ఏడ్చాను. చిన్నప్పుడు ఆ వీపు ఎక్కి ఊగినదాన్ని, ఏడవనా మరి. ఏడుస్తూనే చెంచాతో ఎత్తి డబ్బాలో పోసుకున్నాను, ఏడుపు ఏడుపే, పని పనే. ఇరవై ఒకటో చెట్టు దగ్గర ఉండగా వాన మొదలైంది. ఊరు ఊరంతా మేడల మీదికెక్కి చేతులు చాపి ఆనందపడుతుంటే నేనొక్కదాన్ని కొండ మీద గొడుగు బూడిదకు పట్టి, నేను తడుస్తూ, ఆగవే, ఒక్క గంట ఆగితే నీ సొమ్మేం పోతుంది అని వానను తిడుతున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాన కోసం నాలుక పిడచగట్టుకుపోయిన కొండ అది. ఇంకో పదిహేను రోజులకు వెళితే నల్లటి మొద్దుల మొదట్లో గోళ్ళంత ఎర్రటి చిగుళ్ళు, కాలిన కాయలు నోళ్ళు తెరిచి కక్కిన గింజలు, రాళ్ళ సందుల్లో పుట్టగొడుగులు, ఎక్కడి నుంచి వచ్చాయో నల్ల పురుగులు, వాటి వెనకే పిట్టలు. నాకు బూడిద కావాలి, కొండకు ఆకు కావాలి, ఎవరి స్వార్థం వారిది, గెలిచింది కొండే, అదీ మంచిదే. నేను తెచ్చిన ఇరవై నాలుగు డబ్బాలే ఇక, ఆ పైన చెంచాడు దొరకదు.

నూట నలభై ఒకటి. చెయ్యి దానంతటది తలుపు గడియ మీదికి పోతోంది, చెయ్యి తియ్. ఈ చెయ్యే కదా మొదటిసారి కొంప ముంచింది. ఉన్న బూడిదలో సగం వాడి, ఇరవై నాలుగు గిన్నెలు కాల్చి, చల్లారేదాకా ఆగలేక, కాలు కాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగి తిరిగి, రెండు వందల అరవై దగ్గర తలుపు తెరిచేశాను. ఒక్క క్షణం చూశాను, ఆ రంగులన్నీ, అత్తగారి తేనెరంగు, గూనోడి నీలం, దొంగ అయితే నల్లటి నలుపులో బంగారపు చుక్కలు. అంతలో చల్లగాలి తగిలి ణంగ్ మంది ఒకటి. తర్వాత ఇంకొకటి. ణంగ్, ణంగ్, అర నుంచి అరకు, ఒకదాన్ని చూసి ఒకటి, నేను తలుపు మూసేసి దానికి వీపు ఆనించి నిలబడినా ఆగకుండా, ఇరవై నాలుగూ పగిలాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు, నా విషయంలో కుమ్మరీ నేనే, ఆ దుడ్డుకర్రా నేనే. ముక్కలు గోనెసంచిలో వేసి ఎవరికీ చూపించకుండా రోడ్డు పనివాళ్ళ గోతిలో పారబోశాను. బాబాయి అడిగితే గ్యాసులో ఏదో లోపం అన్నాను. ఆయన పాపం నమ్మాడు, గ్యాసు కంపెనీని నాలుగు మాటలన్నాడు కూడా.

ఇంత జరిగాక మిగిలిన సగం బూడిదను కంటికి రెప్పలా చూసుకోవాలా, చూసుకున్నాను, డబ్బాలన్నీ ఈ గూటిలో వరసగా పెట్టి తాళం వేశాను. ప్రదర్శన పెట్టేవాళ్ళతో మాట్లాడటానికి రెండు రోజులు ఊరెళుతూ తాళంచెవులు బాబాయికిచ్చాను, షెడ్డు ఒకసారి చూసుకో బాబాయ్ అని, ఏదో ఒక పని అప్పగిస్తే కుర్చీలోంచి లేస్తాడని. లేచాడు. తిరిగొచ్చేసరికి వాకిట్లో నిలబడి ఉన్నాడు, మొహంలో వెలుగు, "డబ్బాలన్నీ సమం చేశానమ్మడూ, ఇప్పుడు ఎవరొచ్చి చూసినా వంక పెట్టలేరు," అన్నాడు. నాకు అర్థం కాలేదు. మంచె కింద ఇసక బకెట్లు ఉండేవి ఇరవై, తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట చూసేది వాటినే, ఒకదాంట్లో ఎక్కువా ఒకదాంట్లో తక్కువా ఉంటే మాట వస్తుంది, అందుకని ముప్పై రెండేళ్ళు ఆయన నెలకోసారి అందులోంచి ఇందులోకి, ఇందులోంచి అందులోకి పోసి, జల్లించి, మళ్ళీ పోసి, అన్నిటినీ ఒక గీత దగ్గర నిలబెట్టేవాడు. నా గూటిలో ఒక డబ్బా నిండుగా, ఒకటి వెలితిగా కనబడేసరికి ఆ చేతులు ఊరుకోలేదు. రెండు రోజులూ కూర్చుని పోసి, కలిపి, జల్లించి, సమం చేశాడు. ఇరవై నాలుగు డబ్బాలు, వెంట్రుకవాసి తేడా లేకుండా. గూనోడిలో అత్తగారు, అత్తగారిలో దొంగ, దొంగలో హెడ్మాస్టారు. చెట్లు గీసిన ఆ మధ్యాహ్నం తర్వాత ఆయన మొహంలో వెలుగు చూడటం అదే మొదటిసారి. ఏమంటాను? "బ్రహ్మాండంగా ఉన్నాయి బాబాయ్," అన్నాను. లోపలికెళ్ళి తలుపేసుకుని తువ్వాలు నోట్లో కుక్కుకుని అరిచాను.

నూట ఇరవై ఆరు. అప్పట్నుంచీ రెండు నెలలుగా ఈ అబద్ధాన్ని పెంచుకుంటూ వస్తున్నాను, పేరు రాసిన డబ్బాలోంచి పేరు గీసిన గిన్నెకు పూత వేశాను, తప్పకుండా, ఒక్కటి కూడా తారుమారు కాకుండా, తారుమారు కావడానికి ఇంకేం మిగిలిందని. అటు ప్రదర్శన నడిపే ఆవిడ కార్డులు కూడా అచ్చు వేయించేసింది, "ఒక్కో చెట్టు, ఒక్కో రంగు" అని, అడుగున నా పేరు. ఇప్పుడు అన్నీ ఒకే రంగులో వస్తే ఏమనాలో అద్దం ముందు నిలబడి అభ్యాసం చేశాను, మంట ఎక్కువైతే బూడిదలు అలా ఒకటైపోతాయి బాబాయ్, ఇదో రకం అందం, అని. బాగానే వచ్చింది, రెండోసారి చేతులు తిప్పుతూ చెబితే నేనే నమ్మేశాను. మరి నిజం చెబితేనో. పెద్దమంట అప్పుడు లేవు, ఈ ఆవం మంటకు దాచుకున్న బూడిదనేమో ఉండి మరీ చెడగొట్టావు అని చెప్పడమా ఆయనకు? కొండను కాపాడలేకపోయానని గోడవైపు తిరిగిన మనిషికి, ఆ కొండలో మిగిలిన పిడికెడునూ నువ్వే కలిపేశావని చెప్పడమా? ఆ కుర్చీ ఇక గోడలోకే వెళ్ళిపోతుంది. వద్దు. అద్దం ముందు మాటే ఖాయం. కిటికీలోంచి చూస్తే కొండ, కింది సగం పచ్చగా, పైన నల్లటి పుల్లల మధ్య లేతగా ఏదో, దానికి ఎవరి బెంగా లేదు, ఎవరి క్షమాపణలూ అక్కర్లేదు, తన పాటికి తను మొలుచుకుంటోంది. దాన్ని చూస్తే నాకు అసూయ.

గేటు చప్పుడు. పిన్ని గొంతు ముందు, మనిషి తర్వాత. బాబాయి గొడుగు వేసుకుని వస్తున్నాడు, ఎండ ఎడమవైపు ఉంది, గొడుగు కుడివైపు ఒరిగి ఉంది, కుడివైపు కొండ. ముక్కు మీద ఆ రోజు టౌనులో చేయించుకున్న కళ్ళజోడే.

"ఎంతుంది?" అన్నాడు వస్తూనే.

"నూట అయిదు."

"అయితే కూర్చుందాం. తొందరేముంది," అని స్టూలు లాక్కుని మీటరు ఎదురుగా కూర్చున్నాడు. చూడటం ఆయనకు కొట్టినపిండి. రెప్ప వేయకుండా చూశాడు, నాకు మొండికేసిన ఆ అంకె ఆయనకు బుద్ధిగా దిగింది, నూట మూడు, నూట ఒకటి, తొంభై తొమ్మిది. తొంభై ఎనిమిది దగ్గర నావైపు తిరిగి తల ఊపాడు. నేను గడియ తీశాను. వెచ్చటి గాలి మొహాన కొట్టింది. ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాను. ణంగ్ అనలేదు. ఒక్కటీ అనలేదు. ఇరవై నాలుగు గిన్నెలు, ఒక్క బీట లేదు, ఒక్క పెచ్చు లేదు. ఇరవై నాలుగూ ఒకటే రంగు. వాన వెలిసిన మర్నాడు రాతి మీద కనిపించే పలచటి పాచి రంగు, ఆకుపచ్చా కాదు, బూడిదా కాదు. బావున్నాయి, అదే నాకు ఒళ్ళుమండింది, ఇరవై ఏళ్ళలో నేను తీసిన వాటిల్లో ఇంత బావున్నవి లేవు.

బాబాయి ఒక గిన్నె తీసుకుని తిరగేసి పేరు చదివాడు. లోపలి రంగు చూశాడు. ఇంకోటి తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. నేను అద్దం ముందు మాట నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను.

"అమ్మడూ," అన్నాడు చాలా మెల్లగా, "వీళ్ళందరూ నాకు ఒక్కలాగే కనిపిస్తున్నారు. నీకు తేడా తెలుస్తోందా? నా కళ్ళు మరీ ఇంతగా పోయాయన్నమాట."

అంతే, ఆ సిద్ధం చేసుకున్న మాట ఎటు పోయిందో తెలీదు. ఇంకో నేరం మోసుకుపోతున్నాడు మహానుభావుడు, తనది కానిది, గోడ దగ్గరికి. నా ఒంట్లో ఎక్కడో కిందనుంచి లేచింది కోపం.

"నీ కళ్ళకేం రోగం లేదు! శుభ్రంగా ఉన్నాయి కళ్ళు. తప్పు నీ చేతులది. ఇరవై నాలుగు డబ్బాల్లో ఇరవై నాలుగు చెట్లు విడివిడిగా పెట్టుకుని చస్తుంటే అన్నిటినీ కలిపి సమం చేసి పెట్టావు! మూతల మీద పేర్లు రాసి ఉన్నాయి కదా, చదవలేదా? ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నన్నొక్క మాట అడిగావా? నా బూడిదంతా నాశనం చేశావు బాబాయ్!"

పిన్ని నా చెయ్యి పట్టుకుని గట్టిగా గిచ్చింది. "నోరు ముయ్యవే. పెద్దాయన్ని పట్టుకుని ఏమిటా మాటలు."

బాబాయి కదల్లేదు. రెండు చేతుల్లో రెండు గిన్నెలు.

"అన్నీ కలిపేశానా?"

"అన్నీ."

"గూనోణ్ణీ అత్తగారినీ కూడా?"

"ఒకే డబ్బాలో."

ఆయన పెదవులు బిగించాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని నా ప్రాణం పోయింది, చూస్తే పొట్ట ఊగుతోంది. "బతికున్నన్నాళ్ళూ ఆవిడ నీడ పడకుండా వాడు అటు వంగి వంగి గూనోడయ్యాడే," అన్నాడు, "చచ్చాక తీసుకెళ్ళి ఆవిడతో కాపురం పెట్టించానా!" అని గిన్నెలు బల్ల మీద పెట్టి స్టూలు మీద కూలబడి నవ్వాడు, కళ్ళజోడు ముక్కు మీంచి జారేదాకా, ఊపిరందక దగ్గొచ్చేదాకా. పిన్ని బిత్తరపోయి చూస్తోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి ముక్కు కారింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ రోజే. రెండు నెలలైంది."

"రెండు నెలలు తిట్టకుండా ఎలా ఉన్నావే?"

"నువ్వు నొచ్చుకుంటావని."

"పది నెలలుగా నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తప్పు లేదు, తప్పు లేదు అని మందు పోసినట్టు పోస్తున్నారు. ఏ తప్పూ చెయ్యలేని మనిషిని ఇంట్లో ఎందుకుంచుకుంటారే, కుర్చీకి కాపలాకా?" అన్నాడు. ఆ తర్వాత, కొత్త చొక్కా ఒంటికి సరిపోయిందో లేదో చూసుకుంటున్నవాడిలా, "ఇది మాత్రం నా తప్పే. సందేహం లేదు," అన్నాడు.

"తప్పులు కావాలా మీకు, నేను చెప్తానుండండి," అని పిన్ని అందుకుంది, పది నెలల నిల్వ ఒక్కసారి గేట్లెత్తినట్టు. పొంగిన పాలు ఎన్నిసార్లో, తడి తువ్వాలు మంచం మీద వేయడం ఎన్నిసార్లో, ఆ కుర్చీ కాళ్ళు ఈడ్చి ఈడ్చి వరండా గచ్చంతా ఎలా గీతలు పడిందో, వేలు మడిచి వేలు మడిచి చెప్పింది, ఆయన ప్రతిదానికీ "అవును" అన్నాడు సంతోషంగా. ఆ ఊపులో నేను కూడా నా రెండు వందల అరవై డిగ్రీల సంగతి ఒప్పుకున్నాను. "రెండు వందల అరవై దగ్గర తెరిచావా? బుద్ధుందా నీకు?" అని ఆయన లేచి నిలబడ్డాడు, "నేను అనవసరంగా గ్యాసు కంపెనీ వాణ్ణి తిట్టాను!" అన్నాడు. తల వంచుకుని తిట్లు తిన్నాను. ఎంత బావున్నాయో ఆ తిట్లు.

"సరే, జరిగిందేదో జరిగింది. మళ్ళీ వెళ్ళి తెచ్చుకో బూడిద," అన్నాడు కాసేపటికి.

"ఎక్కడుంది బాబాయ్? వాన కడిగేసింది. పైనంతా మొలిచిపోయింది."

"అంతా?"

అద్దం ముందు మాటలు అయిపోయాయి నా దగ్గర. "అంతా కాదు. గూనోడు లేడు. వాడి చోట ఏమీ రాలేదు."

ఆయన తల దించుకుని తన అరచేతులు చూసుకున్నాడు. గూనోడు లేడని నేను పైకి అనడం అదే మొదటిసారి.

"కవలలు?" అన్నాడు.

"ఒకడు చిగురేశాడు. రెండోవాడి వైపు ఏవో నాలుగైదు మొలకలున్నాయి, అవి వాడివో, పక్కన ఆలస్యరాణి గింజలో, అసలు కలుపు మొక్కలో నాకేం తెలుసు?"

"నీకేం తెలుస్తుంది," అన్నాడు, తిట్టినట్టే అన్నాడు. కళ్ళజోడు సరిగ్గా పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. గొడుగు కోసం చూడలేదు. "వెలుతురు ఎందాకా ఉంటుంది?"

"ఆరున్నర దాకా."

"చాలు," అన్నాడు.

పిన్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బల్ల పట్టుకు నిలబడింది, నన్ను కళ్ళతోనే వెళ్ళమంది. నేను చెప్పులేసుకుని పరిగెత్తేసరికి ఆయన అప్పుడే దారి మలుపు ఎక్కాడు, రెండు అడుగులకోసారి ఆగి వంగి ఏదో చూస్తున్నాడు, చెయ్యి నేలకు దగ్గరగా పెట్టి ముట్టుకోకుండా తీసేస్తున్నాడు, మళ్ళీ నడుస్తున్నాడు. నేను దగ్గరికి రావడం విని వెనక్కి తిరిగాడు, ముప్పై రెండేళ్ళ ఉద్యోగం నాటి గొంతు మొత్తం విప్పి కొండ మారుమోగేలా నా మీద కేకేశాడు.

"అమ్మడూ! ఎక్కడ పెడుతున్నావు ఆ కాళ్ళు? కింద చూసి నడువు, పిల్లలున్నారు!"